ఆ కాగితం ఎవరు ముట్టుకుంటారు

పోయిన నెల ఒక పొద్దున మా వీధిలోకి ఆరోగ్యశాఖ అమ్మాయి ఒకామె వచ్చింది. చేతిలో రిజిస్టరు, భుజాన సంచి, ఎండకు నెత్తిన కొంగు. ఇల్లిల్లూ తిరిగి ఒంటిమీద స్పర్శ లేని మచ్చలేమైనా ఉన్నాయా అని అడుగుతోంది. మా కోడలు గడప దాటకుండానే, మా ఇంట్లో అట్లాంటివాళ్ళు ఎవరూ లేరమ్మా అని చెప్పి తలుపు మూయబోయింది. కోడలు మంచిది. తెలియక అన్న మాట కూడా కాదు అది. నా ఎడమచేతి చివరి రెండు వేళ్ళు ఎందుకు వంగి ఉంటాయో తను ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే నేను చెప్పినాను. ఇంట్లో తెలిసి ఉండడం వేరు, వీధిలో ఒప్పుకోవడం వేరు. నేను కుర్చీలోంచి లేచి వాకిట్లోకి పోయి, "ఉన్నాడు తల్లీ, నేనే. చిన్నప్పుడు వచ్చింది, నయమైంది. రాసుకో" అన్నాను. ఆ అమ్మాయి రిజిస్టరు అటూ ఇటూ తిప్పి చూసి, మొహమాటంగా నవ్వి, "నయమైనవాళ్ళకు ఇందులో గడి లేదు తాతా" అనింది.

గడి లేదంట. బతుకంతా పత్రికాఫీసుల్లో కాగితం మీద గళ్ళు గీసినవాణ్ణి. ఎవరి చావు ఎన్ని అంగుళాలు, ఎవరి పెళ్ళి ఎన్ని అంగుళాలు అని కొలిచి ఇచ్చినవాణ్ణి. లేని గడి గీసుకోవడం నాకు కొత్త కాదు. ఇంతకుముందు నేను రాసిన జ్ఞాపకాల్లో మా ఊరుంది, కరువుంది, రైలుంది, మార్కాపురం పలకల గనుల దుమ్ము ఉంది. ఈ సంగతి మాత్రం లేదు. తమ్ముడు బతికున్నన్నాళ్ళూ, అది ఒక్కటీ రాయొద్దన్నా, పిల్లల సంబంధాలు చెడతాయి అని బతిమాలుతూ వచ్చినాడు. వాడు పోయినాడు. పిల్లలందరి పెళ్ళిళ్ళూ అయినాయి. ఇంక దాచేదానికి నాకు కారణం లేదు. ఉన్నా దాచను.

బడి రికార్డులో నాకు వేరే పేరుంది గానీ ఊళ్ళో నన్ను పీరయ్య అనేవాళ్ళు. అక్క తరువాత, నాకన్నా ముందు పుట్టిన ఇద్దరు మగబిడ్డలూ పురిట్లోనే పోతే, మా అమ్మ పీర్ల చావిడికి పోయి మొక్కుకుందంట. నేను నిలిచినాను కాబట్టి ఆ పేరు. మా పక్క సేద్యగాళ్ళ ఇళ్ళల్లో ఇంటికొక మస్తానయ్యో, ఫకీరయ్యో, హుస్సేనమ్మో ఉండేవాళ్ళు. ఎవరూ వింతగా అనుకునేవాళ్ళు కాదు. మా ఇల్లు మట్టిమిద్దె. పొద్దున్నే జేజి, అంటే మా నాయన తల్లి, వాకిట్లో పేడనీళ్ళు చల్లిన వాసన, దాని వెనకే పొయ్యిలో కందికట్టె పొగ, ఆ పైన సంగటి ఉడికే వాసన. ఈ మూడు వాసనలూ ఆ వరసలోనే వచ్చేవి. వరస తప్పితే ఆ రోజు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని లెక్క. జేజి సంగటిని కట్టెతో గెలికి, చేయి తడుపుకొని ముద్దలు చేసి, ఎవరి ముద్ద వాళ్ళ చేతిలో పెట్టేది. కంచంలో వేసేది కాదు. కంచంలో వేస్తే పెట్టినట్టుండదు, పారేసినట్టుంటుంది అనేది.

నాకు మీసం మొలిచే ముందరి ఏడు, ఎడమ మోచేతి కింద ఒక మచ్చ వచ్చింది. రూపాయి బిళ్ళంత. చుట్టూ ఉన్న తోలుకన్నా కొంచెం పాలిపోయి, పొడిబారి, మీద ఒక్క వెంట్రుక కూడా లేకుండా. అమ్మ శోభి అనుకొని గంధకం నూరి పూసింది. అది పోలేదు, పెరగనూ లేదు. దానితో బాధేమీ లేదు కాబట్టి దాన్ని అందరూ మరిచిపోయినారు. బాధ లేకపోవడమే దాని గుణమని మాకెవరికీ తెలియదు.

ఆ ఏడు పీర్ల పండగకు నేను గుండం తొక్కినాను. పీరు పేరు పెట్టుకున్న పిల్లోడు తొక్కకపోతే ఎట్ల? చావిడి ముందర మోకాటిలోతు గుంటలో తుమ్మ మొద్దులు కాల్చి, నిప్పులు పరిచి, తెల్లవారేసరికి జనం ఒక్కొక్కరే దాటుతారు. నేను నాలుగడుగులు వేసి అవతల గట్టెక్కబోతూ జారినాను. ఎడమ ముంజేయి నిప్పుల్లో ఊనుకొని లేచినాను. జనం అరిచినారు గానీ నేను అరవలేదు. చేయి చూసుకుంటే మోచేతి కింద తోలు ఉడికి బొబ్బలెక్కి ఉంది. నాకేమీ కాలేదు అన్నాను. నిజంగానే కాలినట్టు తెలియలేదు. పీర్ల చావిడి చూసుకునే ముజావరు ఖాదర్ తాత ఏ మహిమా చెప్పలేదు. చేతికి ఊది పూసి, ఇంటికి పోయి కొబ్బరినూనె రాసుకో నాయనా, కాలింది బాగా అన్నాడు. మహిమ అన్నది మా వాళ్ళే. పీరు వాడి చేయి పట్టుకున్నాడు, నిప్పు వాణ్ణి కాల్చదు అని ఊరంతా అల్లుకుపోయింది. నెల తిరగకుండా చంటిపిల్లల తల్లులు మా వాకిట్లో నిలబడినారు. జ్వరమొచ్చిన బిడ్డ నెత్తిన నా ఎడమచేయి పెట్టించుకొని పోయేవాళ్ళు. నేను గర్వంగానే పెట్టినాను. పద్నాలుగేళ్ళవాడికి ఊరి తల్లులందరూ ఎదురుచూసే చేయి ఒకటి ఉండడం చిన్న సంగతి కాదు.

ఆ పుండు మానలేదు. మూడు నెలలకు చిటికెనవేలు, ఉంగరపు వేలు లోపలికి వంగడం మొదలుపెట్టినాయి. అప్పుడు యాకోబు చూసినాడు. యాకోబు మా ఊరి మాదిగపల్లెవాడే. మిషన్ బడిలో చదివి, మిషన్ దవాఖానాలో కాంపౌండరు పనికి కుదిరి, వారానికొకసారి మార్కాపురం అవతల చింతతోపులో సూదులు వేసే డాక్టరు వెంట వచ్చేవాడు. సెలవుకు ఊరికి వచ్చి మా కళ్ళం పక్కగా పోతూ, నా చేయి చూసి ఆగినాడు. దూరం నుంచే, "చిన్నయ్యా, ఆ పుండు నొప్పి పెడుతుందా" అని అడిగినాడు. లేదన్నాను. దగ్గరికి రావచ్చా అని అడిగినాడు. ఈ ప్రశ్న మా ఊళ్ళో ఎందుకు అడగవలసి వచ్చేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. యాకోబును నేను పుట్టినప్పటి నుంచీ చూసినాను. ఒక్కసారైనా ముట్టుకున్నది లేదు. వాళ్ళు మా బావిలో నీళ్ళు చేదుకోగూడదు, మేం పోస్తే దోసిలి పట్టుకోవాలి. అట్లాంటివాడు నన్ను కళ్ళు మూసుకోమని, కింద పడున్న కోడి ఈక తీసుకొని, ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించమన్నాడు. భుజం మీద చూపించినాను. మణికట్టు దగ్గర చూపించినాను. తరువాత చాలాసేపు ఈక ఎక్కడా తగలలేదు. కళ్ళు తెరిస్తే అది మచ్చ మీదే ఉంది. మోచేయి వెనక వేలితో తడిమి, తాడులాగా ఉబ్బిన నరాన్ని పట్టుకొని, దాన్ని వదలకుండానే, "మీ నాయనను పిలువు చిన్నయ్యా" అన్నాడు.

మా పక్క ఆ జబ్బును కుష్ఠు అని పేరు పెట్టి పిలవరు. పెద్దరోగం అంటారు. నాయన ఆ మాట విని కళ్ళంలోనే కూర్చుండిపోయినాడు. యాకోబు మాత్రం రెండు సంగతులు విడమరిచి చెప్పినాడు. ఇది ఇంకొకరికి అంటుకునే రకం కాదని డాక్టరు చూసి రాసిస్తాడు, సూదులు వేయించుకుంటే నయమవుతుంది. నాయనకు మొదటి మాట వినబడలేదు. ఆ ఏడే అక్కకు పొదిలి నుంచి సంబంధం వచ్చి ఉంది. వారంలో చేను గట్టున బావి పక్కన నాకొక కొట్టం లేచింది. పైన బోదగడ్డి కప్పు, చుట్టూ ముళ్ళకంప. అన్నం చిక్కంలో కట్టి తెచ్చి కొమ్మకు తగిలించి పోతారంట, నేను తీసుకొని తినాలంట. బిడ్డల నెత్తిన చేయి పెట్టించుకున్న తల్లులు, మా వీధిలో నేను కనబడితే బిడ్డలను కొంగు చాటుకు లాక్కున్నారు. చేయి అదే. నిన్న పీరు పట్టుకున్నది, ఈరోజు పురుగు పట్టింది. మేనమామ కూతురిని నాకు అనుకునేవాళ్ళు. ఆ మాట అంతటితో ఆగింది. ఆ పిల్ల నన్ను చూసి ఏడ్చిందో లేదో నాకు తెలియదు. నన్ను చూడనిస్తే కదా.

జేజి ఎవరితోనూ వాదించలేదు. నేను కొట్టానికి పోయిన రోజు సాయంత్రం, తన చాప, సంగటి కుండ, తెడ్డు గంపలో పెట్టుకొని నెత్తిన పెట్టుకొని వచ్చింది. నాయన వెనకాలే పరిగెత్తుకుంటూ వచ్చి, "నువ్వేందమ్మా, ఊరు ఏమనుకుంటుంది" అన్నాడు. "నీ బిడ్డను నువ్వు వదిలిపెట్టుకో నాయనా, అది నీ ఇష్టం. నా మనవణ్ణి నేనెందుకు వదలాల" అని, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. ముద్ద చేసి నా చేతిలోనే పెట్టింది, ఆ ఎడమచేతిలో. అది కుడిచేతికి మార్చుకొని తినడానికి నాకు చాలాసేపు పట్టింది. నాయన బావి గట్టు మీద కూర్చొని చూస్తానే ఉన్నాడు. చెడ్డవాడు కాదు ఆయన. భయస్తుడు. ఆ ఏడంతా ప్రతి సాయంత్రం వచ్చి ఆ గట్టు మీదే కూర్చొనేవాడు, గట్టు దిగి వచ్చేవాడు కాదు.

యాకోబు కొట్టానికి వచ్చిన మొదటి రోజు జేజి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. పోయలేదు, చెంబు చేతికే ఇచ్చింది. ఆయన తీసుకోవడానికి వెనకాడితే, "నువ్వు నా మనవణ్ణి ముట్టుకున్నావు. నా చెంబుకేం తక్కువ" అనింది. అంతకుముందు డెబ్బై ఏళ్ళు ఆమె అందరిలాగే నీళ్ళు పైనుంచి పోసిన మనిషే. మనవడికి జబ్బు రాకపోతే అట్లనే పోస్తూ పోయి ఉండేది. ఆ సంగతి దాచి ఆమెను దేవతను చేయను. నేనూ అంతే. నా చేయి అంటరానిదయ్యేదాకా యాకోబు దోసిలి నాకు తప్పుగా కనబడలేదు.

వారం వారం చింతతోపుకు నడిచిపోయేవాణ్ణి. దారి పొడుగునా పలకల రాయి మోసే బండ్లు, నల్లటి దుమ్ము. తోపులో నూనె మరుగుతున్న వాసన ముందు తగిలేది. ముతకగా, చేదుగా, పాత గానుగలాంటి వాసన. అప్పటికి ఆ జబ్బుకు మందంటే ఆ నూనే, దాన్నే మచ్చలోకి సూదితో చుక్కచుక్కగా ఇరవైచోట్ల ఎక్కించేవాళ్ళు. మచ్చ నడుమ సూది తెలియదు. అంచు దగ్గర ప్రాణం పోతుంది. ఆ నొప్పి లోపలికి జరుగుతూ వస్తే మంచిదని డాక్టరు చెప్పినాడు. అందుకని సూది గుచ్చిన ప్రతిసారీ, ఇప్పుడైనా నొప్పి పెట్టు అని నేను నా చేతిని తిట్టేవాణ్ణి. అక్కడ ముసలివాళ్ళకన్నా నా ఈడు పిల్లలే ఎక్కువ ఉండేవాళ్ళు. గొంతు మారుతున్న మగపిల్లలు, కొత్తగా పైట వేసిన ఆడపిల్లలు. అద్దం చూసుకునే వయసులో అద్దం చూసుకోవడానికి భయపడేవాళ్ళు. చెవి తమ్మెలు ఉబ్బినాయని ఒకడు ఎండాకాలంలో కూడా తలకు గుడ్డ చుట్టుకునేవాడు.

చంద్రశేఖరపురం వైపు నుంచి బండిలో వచ్చే ఒక పిల్ల, నాకన్నా ఏడాది పెద్దదేమో, ఒకరోజు నా పక్కన వరసలో కూర్చుంది. బడికి పోతున్నావా అని అడిగింది. మానేసినానన్నాను. అప్పుడు ఆమె చెప్పిన మాట నా బతుకును తిప్పింది. "నన్ను అత్తగారింట్లో వెళ్ళగొట్టలేదు తమ్ముడూ. నాలుగు రోజులు పుట్టింట్లో ఉండిరా పో అని మంచిగానే అన్నారు. నేనే గడప దిగినాను. మళ్ళా ఎక్కనీలేదు. నువ్వు దిగినావంటే అంతే. నువ్వై నువ్వు దిగొద్దు." ఆమె పేరు అడగలేదు నేను. తరువాత రెండు వారాలకు బండి రావడం ఆగిపోయింది.

ఆమె ఆ మాట అన్న మరుసటి సోమవారమే, డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకొని, నేను మానేసిన మార్కాపురం హైస్కూలుకు మళ్ళా పోయినాను. హెడ్మాస్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. లెక్కలు చెప్పేవాడు. బిగుసుకుపోయిన కోటు, చెవిలో ఎర్ర పెన్సిలు. తప్పు లెక్క కనబడితే ఆయనకు ఒళ్ళు మరిచిపోయేటంత కోపం. నా కాగితాన్ని ముట్టుకోకుండా, బల్ల మీద పెట్టించి చదివినాడు. అంటదని రాసి ఉంది కాబట్టి రావద్దనలేకపోయినాడు. లోపల కూర్చోమనలేకపోయినాడు. వరండాలో కిటికీ అవతల నాకొక బల్ల వేయించినాడు. రెండేళ్ళు ఆ కిటికీ ఊచల్లోంచే చదువుకున్నాను. వానొస్తే తడిసేవాణ్ణి. లోపల ఎవరినైనా ప్రశ్న అడిగితే నేను బయటి నుంచి గట్టిగా జవాబు చెప్పేవాణ్ణి. పిల్లలు కిటికీపీరు అని పేరు పెట్టినారు. నేనూ నా పుస్తకం అట్ట మీద అదే పేరు రాసుకున్నాను. ఒకరు తిట్టుగా వాడేదాన్ని మనమే ముందు వాడుకుంటే వాళ్ళకు తిట్టు మిగలదు.

సూదులు పనిచేసినాయి. మచ్చ ముదురు రంగుకు తిరిగింది, వెంట్రుకలు మొలిచినాయి. వంగిన వేళ్ళు మాత్రం వంగినట్టే ఉండిపోయినాయి. స్కూల్ ఫైనలు ముందు సెలక్షన్ పరీక్ష ఉండేది. అందులో నెగ్గినవాళ్ళనే పెద్ద పరీక్షకు పంపుతారు. హెడ్మాస్టరు నాయనను పిలిపించి, మీవాడు బాగానే చదువుతాడు గానీ, రాసిన కాగితాలు ఎవరు ముట్టుకుంటారు, వాడు బయటి నుంచి చెబుతాడు, ఇంకొక కుర్రాడు రాస్తాడు, ఆ కాగితం తీసుకుంటాం అన్నాడు. తనకు తోచినంతలో దయగానే అన్నాడు. నాయన ఊపిరి పీల్చుకున్నాడు. జేజి ఈ మాట విని, "వీడు చెబితే ఇంకొకడు రాస్తాడా. అయితే అది ఎవరి చదువంట" అనింది. నాకూ అదే అనిపించింది. రాసేది నా కుడిచేయి. దానికి ఏనాడూ ఏ జబ్బూ లేదు. ఉన్నా అది నాదే.

మొదటి రోజు లెక్కల పరీక్ష. గంట కొట్టగానే నేను వరండా దాటి లోపలికి పోయి, చివరి వరసలో ఖాళీగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాను. పక్క ఇద్దరూ లేచి అవతలికి జరిగినారు. కాపలా అయ్యవారు హెడ్మాస్టరు కోసం మనిషిని పంపినాడు గానీ, ఆయన వచ్చేసరికి నేను రాస్తున్నాను. రాస్తున్నవాణ్ణి లేపడం ఆయనకు చేతకాలేదు. మూడు గంటలు గడిచినాయి. మళ్ళా గంట కొట్టినారు. అయ్యవారు వరసగా అందరి కాగితాలూ తీసుకుంటూ వచ్చి, నా ముందు వాడితో ఆపి వెనక్కు తిరిగినాడు. పిల్లలంతా పోయినారు. నేను లేవలేదు. కాగితాలు కుడిచేత్తో పట్టుకొని చాపి కూర్చున్నాను.

హెడ్మాస్టరు వచ్చినాడు. బల్ల మీద పెట్టి వెళ్ళమన్నాడు. ఆ కాగితాలు అక్కడ వదిలితే ఏమవుతుందో నాకు తెలుసు. కట్టెతో ఎత్తి మూలన వేస్తారు. నేనై నేను దిగినట్టవుతుంది.

"చేతికిస్తా సార్" అన్నాను.

"ఎవరి చేతికి?"

"ఎవరి చేతికైనా సరే సార్. అందరివీ చేతికే తీసుకున్నారు గదా."

అన్నం వేళ దాటింది. మధ్యాహ్నం రెండింటికి అదే గదిలో ఇంగ్లీషు పరీక్ష. బయట పిల్లలు కిటికీ దగ్గర మూగినారు. వాళ్ళు అవతల, నేను లోపల. జేజి గేటు దగ్గర ముద్ద మూట పెట్టుకొని కూర్చొని ఉండడం కనబడుతోంది. భుజం గుంజింది. చేయి దించలేదు. హెడ్మాస్టరు తిట్టినాడు, పేరు కొట్టేస్తానన్నాడు. అటూ ఇటూ తిరిగినాడు. తిరుగుతూ తిరుగుతూ నా పక్కకు వచ్చి నిలబడినప్పుడు, ఆయన చూపు నా పై కాగితం మీద పడింది. మెడ వంచినాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఏవిట్రా ఇది" అన్నాడు. "అటుపక్క మైనస్సు ఇటుపక్కకొస్తే ఏమవుతుంది? రెండేళ్ళు వరండాలో నిలబడి అరిచావే, ఇదా నేర్చుకుంది?"

అంటూనే నా చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. చెవిలోంచి ఎర్ర పెన్సిలు తీసి, నా బల్ల మీదే దాన్ని పరిచి, నేను చేయి పెట్టుకున్న చోటే తన చేయి ఆనించి, గుర్తు చుట్టూ సున్నా చుట్టినాడు. కింది వరసలు కొట్టేసినాడు. అప్పుడు ఆగినాడు. తన చేతిని చూసుకున్నాడు. మిగిలిన కాగితాలు కూడా అందుకొని, అందరి కట్టలో కలిపి, దారం బిగించి, "అన్నం తినిరా పో, రెండింటికి ఇంగ్లీషు" అన్నాడు. ఆ మధ్యాహ్నం నేను బయటి బల్ల దగ్గరికి పోలేదు. ఎవరూ పొమ్మనలేదు కూడా.

ఇప్పుడు ఆ జబ్బుకు ఆర్నెల్లు, మహా అయితే ఏడాది మాత్రలు మింగితే చాలు. సూదులు లేవు, మరిగే నూనె లేదు, మాత్రలు ఊరికే ఇస్తారు. అయినా నిన్నమొన్నటి దాకా ఈ దేశపు చట్టాల్లో అది విడాకులకు ఒక కారణంగా అచ్చై ఉండేది. మా కోడలు ఇంకా తలుపు మూస్తుంది. మందు ముందుకు పోయింది, మనుషులు వరండాలోనే ఉన్నారు. లోపలికి పిలుస్తారని నేను ఎదురుచూడలేదు. ఈ రోజు పదిహేనేళ్ళ వయసులో మోచేతి కింద మచ్చ చూసుకొని చొక్కా చేతులు దించుకునే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, మీరూ ఎదురుచూడొద్దు. చేతులు పైకి మడుచుకొని దవాఖానాకు పోండి, అట్లనే బడికీ పోండి.

హెడ్మాస్టరు ఆ లెక్కకు నాకు ఒక్క మార్కూ వేయలేదు. మిగతావాటికి వేయవలసినంత వేసినాడు. సరిగ్గా అందరికీ వేసినట్టే, పిసినారితనంగా. నెగ్గినవాళ్ళ జాబితాలో నా పేరు చివరి నుంచి మూడోది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా, ఆ తప్పు కావాలని చేసినావా అని అడుగుతారు. లేదు. నాకు లెక్కలు నిజంగానే రావు.